రంగు ఆఖరి పని: ఆరుబయట నిలిపిన యుద్ధవిమానాల గురించి పాఠకుల ప్రశ్నలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వాయుసేన వీడ్కోలు చెప్పింది. 1963 నుంచి సేవలో ఉన్న విమానం అది. ఆ తర్వాత మాకొచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: రిటైరైన యుద్ధవిమానాన్ని పార్కులోనో కాలేజీ ఆవరణలోనో నిలబెడితే, అది ఎండకు వానకు పాడవకుండా చూసుకోవడం ఎలా? వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీకి ఒక మిగ్-21 రావచ్చంటున్నారు. అది మా గేటు దగ్గర దిగిన రోజున మొట్టమొదట ఏం చూసుకోవాలి?
— మెకానికల్ లెక్చరర్, కాకినాడ

ముందు కాగితాలు చూడండి, తర్వాతే విమానం మీద చెయ్యి వేయండి. మిగ్-21లోని కేఎం-1 సీటు పైలట్‌ను బయటికి విసిరేది పేలుడు కార్ట్రిడ్జిలతో, రాకెట్ మోటారుతో. అవి ఏళ్లు గడిచాక నీరసపడిపోతాయని అనుకోవడం ప్రమాదం. పాతబడిన మందు మరీ చంచలంగా ఉంటుంది. సీటుకు ఎర్ర రిబ్బన్లున్న సేఫ్టీ పిన్నులు కనిపిస్తే నిశ్చింత అనుకోకండి. పిన్ను ఉందంటే మీట కదలదని మాత్రమే అర్థం, లోపల మందు లేదని కాదు.

అందుకే విమానం ఇచ్చే విభాగం నుంచి ఒక్కొక్క పేలుడు భాగాన్నీ పేరుపేరునా రాసి, 'తీసేశాం' అని సంతకం పెట్టిన పత్రం తీసుకోండి. సీటు, సీటు పారాచ్యూట్‌ను లాగే చిన్న గన్ను, కానపీని (కాక్‌పిట్ మీది పారదర్శక మూతను) విసిరే యంత్రాంగం, రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు, అదనపు ట్యాంకులను విడిపించే కార్ట్రిడ్జిలు, మంటలార్పే సిలిండర్లను తెరిచే చిన్న పేలుడు గొట్టాలు (స్క్విబ్బులు) అన్నీ అందులో ఉండాలి. ఒక్కటి తక్కువైనా కాక్‌పిట్ తెరవకండి. ఈ పని వాయుసేన ఆయుధ విభాగం వాళ్లదే, మన ఊరి మెకానిక్ ఎంత నేర్పరైనా సరే.

రెండోది, ఒత్తిడిలో ఉన్నవి. మిగ్-21 బ్రేకులు పనిచేసేది సిలిండర్లలోని గాలితో. ఆక్సిజన్ బాటిళ్లు, నూనెను ఒత్తిడిలో ఉంచే హైడ్రాలిక్ అక్యుములేటర్లు, కాళ్లలోని షాక్ అబ్జార్బర్లలో నైట్రోజన్ వేరే. అన్నిటినీ ఖాళీ చేసి, వాల్వులు తెరిచి ఉంచాలి. చక్రం విప్పే ముందు టైరులో గాలి పూర్తిగా తీసేయాలి. విమానం చక్రం రెండు సగాలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. గాలి ఉండగా ఆ బోల్టులు వదులు చేస్తే సగం చక్రం ఎగిరి మనిషి మీద పడుతుంది. ప్రాణాలు పోయే ప్రమాదం ఇది.

మూడోది ఇంధనం. ట్యాంకులు ఖాళీ చేశామని చెప్పినా మూలల్లో కొంత కిరోసిన్ మిగులుతుంది, దాని ఆవిరి అంతకన్నా ఎక్కువ రోజులు ఉంటుంది. స్టాండు బిగించడానికి ఎవరో వెల్డింగ్ మెషిన్ తెచ్చేలోపు ట్యాంకులు కడిగించి, గ్యాస్ మీటరుతో చూపించండి. అసలు విమానానికి ఆనించి వెల్డింగ్ చేయకపోవడమే ఉత్తమం. బ్యాటరీలు కూడా తీసేయాలి.

పాత మీటర్లలో చీకట్లో వెలిగే ముళ్లు, అంకెలు ఉంటే అవి రేడియం పూతవి కావచ్చు. గాజు పగలనంతవరకు పెద్ద భయం లేదు కానీ, విప్పి తుడవడం, పిల్లల చేతికివ్వడం కూడదు. రేడియేషన్ మీటరుతో పరీక్షింపజేసి, రీడింగు ఎక్కువుంటే అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం అప్పగించాలి.

ఇక దింపడం. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, కాబట్టి రెక్కలు విప్పి ట్రెయిలర్ మీద తెస్తారు. బోల్టు రాకపోతే గ్యాస్ కట్టర్ పెట్టేవాళ్లున్నారు. ఒప్పుకోవద్దు. కోసిన రెక్క మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. చొచ్చుకుపోయే నూనె వేసి రెండు రోజులు వదిలితే మొండి బోల్టులు చాలావరకు వస్తాయి. విప్పిన ప్రతి బోల్టూ దాని స్థానం రాసిన సంచిలోకి వెళ్లాలి. క్రేను ఎత్తేటప్పుడు నైలాన్ బెల్టులు వాడండి, ఇనుప తాళ్లు వద్దు. రేకు మీద గుర్తులున్న చోటే ఎత్తాలి.

ప్రశ్న: మా ఊరు సముద్రం ఒడ్డునే. ఇక్కడున్న విమానానికి రెండేళ్ల కిందటే రంగు వేశారు. ఇప్పుడు రివెట్ల చుట్టూ బుడిపెలు లేచాయి, పెయింటు కింద సన్నని గీతలు పాకుతున్నాయి. గీరితే తెల్లపొడి రాలుతోంది. అల్యూమినియం తుప్పు పట్టదంటారు కదా?
— మున్సిపల్ ఉద్యోగి, భీమునిపట్నం

వంటింటి అల్యూమినియానికి, విమానం రేకుకు చాలా తేడా ఉంది. బలం కోసం విమానం రేకులో రాగి లేదా జింకు కలుపుతారు. ఆ బలానికి మూల్యంగా ఉప్పు తేమను తట్టుకునే గుణం తగ్గుతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం పొర పైన అద్దిన రేకులు కొంత మెరుగే. కానీ రివెట్టు కోసం చేసిన రంధ్రం అంచులో, గీత పడినచోట ఆ రక్షణ ఉండదు.

వానపాము పాకిన జాడలా కనిపించే ఆ గీతల పేరు ఫిలిఫామ్ కొరోజన్. గాలిలో తేమ సుమారు 65 నుంచి 95 శాతం మధ్య ఉండి, పెయింటు కిందకి కాస్త ఉప్పు చేరితే చాలు, రంగు తెగిన అంచు నుంచి మొదలై ముందుకు సాగుతుంది. విశాఖ తీరంలో అలాంటి తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు ఉంటుంది. బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి సందర్శకులు చూస్తున్న నావికాదళ విమానం టీయూ-142 కూడా రోజూ ఇదే గాలిలో నిలబడి ఉంటుంది. తీరంలో విమానం పెట్టామంటే ఏటేటా దానికి ఖర్చు పెడతామని ఒప్పుకున్నట్టే.

బుడిపెల కారణం వేరు. రేకు అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండూ తాకుతూ మధ్యలో ఉప్పునీరు ఉంటే, ఆ జంటలో అల్యూమినియం కరిగిపోతుంది. తెల్లపొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటును, ఒక్కోసారి రివెట్టు తలను కూడా పైకి నెడుతుంది. రేకు అంచు పొరలు పొరలుగా ఉబ్బిందంటే అది ముదిరిన దశ, ఎక్స్‌ఫోలియేషన్. అలాంటిది రెక్క మొదట్లోనో, కాలు బిగించిన చోటో కనిపిస్తే రంగు పని ఆపి విమాన నిర్మాణం తెలిసిన ఇంజినీరుకు చూపించాలి.

చేయాల్సింది ఇది. గీత కనిపించినచోట ఆగకుండా, దాటి రెండు మూడు సెంటీమీటర్ల దాకా పెయింటు తీయండి. తెల్లపొడిని నైలాన్ ప్యాడుతో, అల్యూమినియం ఆక్సైడ్ నీళ్ల పేపరుతో రుద్ది మెరిసే లోహం దాకా రండి. ఇనుప వైరు బ్రష్షు వాడితే దాని రవ్వలు అల్యూమినియంలో దిగబడి కొత్త తుప్పుకు బీజాలవుతాయి. ఇసుక బ్లాస్టింగ్ అసలే వద్దు. చాలాచోట్ల రేకు మందం మిల్లీమీటరుకు అటూఇటూ, వంకర్లు పోతుంది. ఉక్కు బోల్టును తీయగలిగితే తీసి, సీలెంటులో ముంచి మళ్లీ బిగించండి.

రుద్దేటప్పుడు ఒక జాగ్రత్త. కింద కనిపించే లేత పసుపుపచ్చ ప్రైమరులో క్రోమేట్ ఉంటుంది, బంగారు ఛాయ బోల్టుల మీద కాడ్మియం ఉంటుంది. ఆ దుమ్ము పీలిస్తే క్యాన్సరుకు దారితీయవచ్చు. తడిపి రుద్దాలి, దుమ్మును పట్టే సరైన మాస్కు పెట్టుకోవాలి, రాలినదాన్ని గుడ్డతో ఎత్తి వేరుగా కట్టాలి. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు.

కడగడం గురించి మీరు అడగలేదు కానీ, తీరంలో అన్నిటికన్నా చవకైన రక్షణ అదే. నెలకోసారి మంచినీళ్లతో కడగండి. ఉప్పు బోరు నీళ్లు వద్దు, మున్సిపల్ నీళ్లు తెప్పించండి. మిగ్-21 సైజు విమానానికి వెయ్యి నుంచి పదిహేను వందల లీటర్లు సరిపోతాయి. పీహెచ్ 7 దగ్గరుండే సబ్బు వాడండి. చాకలి సోడా, కాస్టిక్, బాత్రూం యాసిడ్ మూడూ అల్యూమినియాన్ని తింటాయి. సబ్బు కింది నుంచి పైకి రాసి, నీళ్లు పైనుంచి కిందికి పోస్తే చారలు పడవు. ప్రెషర్ వాషర్‌ను అతుకుల మీదికి గురిపెడితే నీళ్లు లోపలికి వెళ్తాయి. మనం తప్పించాలనుకున్నది సరిగ్గా అదే. రేకు కాలకముందే, పొద్దున్నే పని ముగించండి.

ప్రశ్న: మా పట్టణంలో విమానాన్ని కూడలి మధ్య స్తంభం మీద, ముక్కు పైకెత్తి ఎగురుతున్నట్టు పెట్టాలని ప్రతిపాదన. ఇందులో ఇబ్బందులేమైనా ఉన్నాయా?
— అసిస్టెంట్ ఇంజినీరు, కృష్ణా జిల్లా

ఉన్నాయి. చూడటానికి బాగుంటుందన్న మాట నిజమే, కానీ విమానానికి అంత కీడు చేసే ఏర్పాటు మరొకటి లేదు.

మొదటిది గాలి. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడకు, విశాఖకు ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. ఒత్తిడి 0.6 గుణించు వేగం వర్గం. అంటే మీ దగ్గర చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. మిగ్-21 రెక్క వైశాల్యం 23 చదరపు మీటర్లు. ముక్కు 15-20 డిగ్రీలు పైకెత్తితే లిఫ్ట్ గుణకం (గాలి రెక్కను ఎంత ఎత్తుతుందో చెప్పే అంకె) 0.7 అనుకోవచ్చు. మూడూ గుణిస్తే సుమారు 24,000 న్యూటన్లు, అంటే రెండున్నర టన్నుల ఎత్తుడు. ఇంజను, పరికరాలు తీసేసిన విమానం బరువులో సగానికి పైగా గాలే మోస్తుందన్నమాట. ఇది ఎదురుగాలి లెక్క మాత్రమే. పక్కగాలి తోకమీద కొట్టి మెలితిప్పడం, గాలి ఆగి ఆగి వీచినప్పుడు స్తంభం ఊగడం వేరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని దాటినప్పుడు గాలివేగం ఆ 50 మీటర్ల స్థాయిలోనే ఉంది. కాబట్టి ఇది కాగితం మీది అంకె కాదు.

రెండోది నీళ్లు, మా దృష్టిలో గాలి కన్నా ఇదే ముఖ్యం. విమానం పొట్ట కింద డ్రెయిన్ రంధ్రాలుంటాయి. అవి విమానం నేలమీద తన కాళ్లపై నిలబడ్డప్పుడు నీరు ఎటు జారుతుందో లెక్కగట్టి పెట్టినవి. ముక్కు పైకెత్తగానే నీరంతా తోకవైపు, డ్రెయిన్ లేని గదుల్లోకి చేరుతుంది. ఒక పక్కకు వాల్చి పెడితే కిందున్న రెక్క చివర నిండుతుంది. బయట రంగు మెరుస్తుంటే లోపల ఫ్రేములు నానుతుంటాయి. స్తంభం మీద ఉండటంతో ఎవరూ దగ్గరగా చూడరు, చూడాలంటే క్రేను కావాలి, క్రేను కావాలంటే టెండరు. అలా పదేళ్లు గడుస్తాయి.

తప్పదంటే ఇవి చేయించండి. కొత్త వాలులో ప్రతి గదికీ అట్టడుగు బిందువు కనుక్కుని 8 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. అంచు నునుపు చేసి, ప్రైమర్ రాసి, లోపల బకెట్ నీళ్లు పోసి బయటికొస్తున్నాయో లేదో చూడాలి. విమానం ఇచ్చినవాళ్ల అనుమతి, ఏ రంధ్రం ఎక్కడ వేశారన్న నమోదు రెండూ ఉండాలి. పట్టే ఫ్రేము రేకును కాకుండా రెక్క స్పార్లను (లోపలి ప్రధాన దూలాలను), బలమైన ఫ్రేములను పట్టాలి. ఇనుప బ్రాకెట్‌కు, అల్యూమినియానికి మధ్య నియోప్రీన్ లేదా టెఫ్లాన్ పలక, బోల్టులకు నైలాన్ బుష్‌లు వేయాలి. పిడుగుకు ఎర్తింగ్ కావాలి. ఏడాదికోసారి వెల్డింగు అతుకుల్లో చీలికలు వెతకాలి.

మా సలహా మాత్రం నేలమీద పెట్టమనే. కాంక్రీటు పలక మీద తన కాళ్లపై నిలిపి, కాళ్ల దగ్గరి కట్టే కొక్కేల నుంచి టర్న్‌బకిళ్లతో (తిప్పి బిగించే మరలతో) గొలుసులు పునాదిలోకి బిగించండి. ఘనమీటరు కాంక్రీటు 2.4 టన్నులు తూగుతుంది. వెనక కాళ్లకు ఒక్కోదానికి ఘనమీటరు, ముందు కాలికి అందులో సగం అన్న అంచనాతో మొదలుపెట్టి స్ట్రక్చరల్ ఇంజినీరు చేత లెక్క తేల్పించండి. పైన తెరిచిన షెడ్డు వేయగలిగితే అన్ని రంగుల కన్నా అదే ఎక్కువ కాపాడుతుంది.

ప్రశ్న: ఆగస్టు 15కు ముందు విమానానికి రంగు వేయమని కాంట్రాక్టు ఇచ్చారు. పాత పెయింటు మీదే మంచి కంపెనీ ఎనామెల్ రెండు కోట్లు వేస్తే సరిపోతుందా?
— పెయింటింగ్ కాంట్రాక్టరు, వరంగల్

సరిపోదు. అసలు తేదీయే బాగాలేదు. ఆగస్టులో వానలు, తేమ. రేకు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ, తేమ 85 శాతం లోపు ఉంటేనే పెయింటు పట్టుకుంటుంది. మన దగ్గర డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఆగస్టుకు కడిగి, తుడిచి, జెండా కట్టి, రంగు పని డిసెంబరుకు మార్చమని అడగండి.

ఏటేటా పాత పొర మీద ఎనామెల్ వేస్తూపోతే లోపలి తెల్లపొడి కనిపించకుండా పోతుంది, డ్రెయిన్ రంధ్రాలు పూడిపోతాయి. ఉబ్బినచోట లప్పం పెట్టి నునుపు చేయడం అంతకన్నా చెడ్డది. లప్పం తేమ పీల్చుకుని కిందున్న రేకును తింటూనే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ప్రతి అంకె, గుర్తు, హెచ్చరిక రాత ట్రేసింగ్ కాగితం మీద ఎత్తుకోండి, కొలతలు రాసుకోండి, రంగును షేడ్ కార్డుతో పోల్చి ఫొటో తీయండి. వాయుసేన వృత్తంలో ఏ రంగు ఎక్కడుండాలో, తోక మీది పట్టీల వరస ఏమిటో ఆ విమానం పాత ఫొటో చూసి వేయాలి, ఊహతో కాదు. సీరియల్ నంబరు తప్పు రాస్తే ఆ విమానం చరిత్రే తప్పవుతుంది.

తర్వాత పాత పొర తీయడం, జిడ్డు తుడవడం, తుప్పు తీయడం, లోహం మీద కన్వర్షన్ కోటింగ్ (పెయింటు పట్టుకునేలా చేసే రసాయన పొర), అదే రోజు టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్ 25 మైక్రాన్లు, ఆపైన పాలీయూరిథేన్ రెండు కోట్లు కలిపి 50-60 మైక్రాన్లు. మిగ్-21 ఉపరితలం 110 చదరపు మీటర్ల చిల్లర అనుకోండి. స్ప్రే వృథాతో కలిపి ప్రైమర్ 10 లీటర్లు, పైకోటు 18-20 లీటర్లు పడుతుంది. పాలీయూరిథేన్ హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒక్కసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసమే. పైపుతో బయటి గాలి అందే మాస్కు లేకుండా మీ కుర్రాళ్ల చేత స్ప్రే చేయించకండి, చుట్టూ జనాన్ని రానివ్వకండి.

సందులు పూడ్చడానికి సిలికాన్ ట్యూబు కొంటే వాసన చూడండి. వెనిగర్ వాసన వచ్చేది ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, లోహానికి పనికిరాదు. న్యూట్రల్ క్యూర్ అని రాసినది గానీ, పాలీసల్ఫైడ్ సీలెంటు గానీ తీసుకోండి.

ప్రశ్న: టైర్లు పగిలి విమానం ఒక పక్కకు ఒరిగింది. పాత టైర్లు దొరకడం లేదు.
— పార్కు నిర్వాహకుడు, కర్నూలు

టైరు మీద బరువు ఉండకూడదు. ఇరుసు కింద స్టాండు పెట్టి బరువంతా దానిమీదికి మార్చండి. టైరు నేలను తాకీ తాకనట్టు ఉంటే చూపుకు తేడా తెలియదు. పగుళ్లు చిన్నవైతే లోపల ఫోమ్ నింపి, బయట ఎండను ఆపే నల్ల పూత వేయొచ్చు. చాలా యుద్ధవిమానాల చక్రాల హబ్‌లు మెగ్నీషియం మిశ్రమంవి. అవి అల్యూమినియం కన్నా తొందరగా తినుకుపోతాయి కాబట్టి టైరు విప్పినప్పుడే శుభ్రం చేసి ప్రైమర్ వేయించండి.

ఒరగడానికి టైరే కారణమో కాదో కూడా చూడండి. కాలిలో నైట్రోజన్ కారిపోతే మెరిసే రాడ్డు లోపలికి దిగిపోతుంది. విమానాన్ని జాకీ గుర్తుల దగ్గర ఎత్తి, మిగిలిన ఒత్తిడి తీసేసి, రెండు సగాలుగా చేసిన ఉక్కు కాలరు ఆ రాడ్డు చుట్టూ బిగిస్తే ఎత్తు శాశ్వతంగా నిలుస్తుంది. రెండు కాళ్లకూ ఒకే ఎత్తు కాలర్లు వేయండి.

ప్రశ్న: గాలి లోపలికెళ్లే గొట్టంలో పావురాలు, రెక్క కింద పెద్ద తేనెతుట్టె. పొగ పెట్టించాలా?
— ఎన్‌సీసీ అధికారి, నిజామాబాద్

మంట, పొగ వద్దు. లోపల ఇంధనపు ఆవిరి, పాత రబ్బరు, వైర్లు ఉంటాయి. తుట్టె తీసేవాళ్లను రాత్రిపూట పిలిపించండి, రెండు రోజులు సందర్శకులను ఆపండి. పావురాల రెట్ట ఆమ్లం, తేమను పట్టి ఉంచుతుంది, లోపలి రేకు మీద పేరుకుంటే చిల్లులు పడతాయి. ఎండినది ఊడ్చకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి, మాస్కుతో ఎత్తండి.

గొట్టాన్ని, వెనక ఎగ్జాస్టును మూసేటప్పుడు చెక్కతో బిగుతుగా మూయడం తరచూ చేసే తప్పు. గాలి ఆడక లోపల చెమట పడుతుంది. 12 మిల్లీమీటర్ల జాలీ ఫ్రేముకు బిగించి, విమానాన్ని తాకేచోట రబ్బరు పట్టీ వేసి, విప్పడానికి వీలుగా పెట్టండి. పక్షి ఏదైనా లోపల చిక్కుకుందేమో చూసుకుని మూయండి. ప్యానెళ్లు తెరిచి ఉన్నప్పుడే లోపలి మూలల్లో మైనపు పొర వదిలే తుప్పు నివారణ స్ప్రే గానీ, పాకే గుణమున్న ఏసీఎఫ్-50 లాంటి నూనె గానీ కొట్టండి. నూనె రకాన్ని ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి.

ప్రశ్న: మేముండే ఆరిజోనాలో టూసాన్ దగ్గర వందలాది విమానాలు దశాబ్దాలుగా బయటే ఉన్నాయి. మన అనంతపురంలో అలా పెట్టలేమా?
— ఫీనిక్స్ నుంచి ఒక పాఠకురాలు

టూసాన్‌లోని ఆ చోటు, అంటే డేవిస్-మొంథన్ వాయుసేన స్థావరంలో వాటిని కాపాడేది పొడిగాలి, తక్కువ వాన, గట్టినేల. దాంతోపాటు వాళ్లు చేసే పని కూడా. ఇంధన మార్గాల్లో నూనె నింపి, సందులన్నీ టేపుతో మూసి, పైన స్ప్రేలాట్ అనే ఒలిచేయగల పూత వేస్తారు. ముందు నల్లది, దానిమీద తెల్లది. తెలుపు ఎండను తిప్పికొట్టి లోపలి వేడిని అదుపులో పెడుతుంది. అనంతపురం ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన పడే ప్రాంతమే, అయినా టూసాన్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు పడుతుంది, అదీ నైరుతి, ఈశాన్య రుతుపవనాల కాలంలో తేమతో కలిసి. కాకినాడ కన్నా ఎన్నో రెట్లు నయం. అక్కడ పెద్ద శత్రువు ఎండ, అంటే రబ్బరు, పెయింటు, కానపీ ముందు పోతాయి.

ప్రశ్న: కానపీ మసకబారింది. పెట్రోలుతో తుడిస్తే ఇంకా పాడైంది. బాగవుతుందా?
— ఐటీఐ విద్యార్థి, తెనాలి

అది గాజు కాదు, అక్రిలిక్. పెట్రోలు, థిన్నర్, అమ్మోనియా ఉన్న అద్దాల స్ప్రేలు తగిలితే సన్నని పగుళ్లు లేస్తాయి. పగుళ్లు లోతుగా దిగితే ఇక బాగవదు. పైపైన మసకే అయితే నీళ్లతో ధూళి కడిగి, చేత్తో తడిమి ఇసుక లేదని చూసుకుని, అక్రిలిక్ కోసం అమ్మే మైక్రోమెష్ పేపర్లు 1,500 నంబరుతో మొదలుపెట్టి వరసగా 12,000 దాకా, ప్రతి అంచెలో దిశ మారుస్తూ తడిగా రుద్దండి. ఒకేచోట ఎక్కువ రుద్దితే వేడెక్కి అల పడుతుంది. తర్వాత గాలి ఆడే తెల్లటి గుడ్డ తొడుగు వేయండి, వదులుగా కడితే గాలికి కొట్టుకుని మళ్లీ గీతలు పడతాయి. కాక్‌పిట్ లోపల పరికరాలు లేకపోతే కానపీకి లోపలివైపు లేత బూడిదరంగు వేయడం కూడా ఒక మార్గం. సీ హారియర్ లాంటి విమానమైతే కానపీ లోపల మెలికలు తిరిగిన సన్నని తాడు అంటించి ఉంటుంది, అది పేలుడు తాడు. దాన్ని తీసేశారని రాతలో లేకపోతే ఆ కానపీని రుద్దకండి, కదపకండి, విమానం ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి.